ఫ్యూజ్ మార్చడం రిపేరు కాదు

మీ ఇంట్లో కారుందా? ఉంటే దాని ఫ్యూజ్ బాక్స్ ఎక్కడుందో ఒకసారి చూసి రండి. సాధారణంగా ఒకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన ఉంటుంది. ఇంకోటి స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర. మూత తీస్తే రంగురంగుల ప్లాస్టిక్ బిళ్ళలు వరసగా కనిపిస్తాయి. ఎరుపుది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఒక్కోటి పదో ఇరవయ్యో రూపాయలు. అంతే.

ఆ నీలం బిళ్ళ ఒకటి పోయిన వానాకాలంలో మా ఇంటిల్లిపాదినీ రెండు నెలలు తిప్పలు పెట్టింది. కొత్తది పెడతాం, నాలుగు రోజులు నడుస్తుంది, మళ్ళీ పోతుంది. అది పోతే పెట్రోల్ పంపు ఆగుతుంది. పంపు ఆగితే కారు నడిరోడ్డు మీద ఆగుతుంది. వేరే ఇంట్లో అయితే ఇది చిరాకు, ఖర్చు. మా ఇంట్లో అంతకంటే ఎక్కువ, ఎందుకంటే ఆ కారు వెళ్ళేది డయాలసిస్‌కి.

మంగళ, గురు, శని

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఉద్దానం అంటే మాకు కొబ్బరి, జీడి, పనస తోటలు. బయటివాళ్ళకి మాత్రం ఆ పేరు వినగానే కిడ్నీలు గుర్తొస్తాయి. హైదరాబాద్‌లో నా టీమ్‌లో ఒకతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి చూపించడం కష్టం. బీపీ, షుగర్ లేనివాళ్ళకీ వస్తుంది. పొలం పని చేసుకునే నడివయసు వాళ్ళకే ఎక్కువ వస్తుంది.

మా పెదనాన్నది జీడితోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరం మీదే దాటింది. ఆ ఒక్క పూటలో తోట సగం నేలకూలింది. మళ్ళీ మొక్కలు నాటి, అవి కాపుకొచ్చే వేళకి ఆయన క్రియాటినిన్ పెరిగింది. అన్నయ్య కువైట్‌లో ఉంటాడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, ఇంటి నుంచి పని చేసుకోవచ్చు. కాబట్టి డ్రైవింగ్ నాకు వచ్చింది. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ కారు మాది.

వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు డయాలసిస్. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. దానివల్ల మాలాంటి వాళ్ళకి పెద్ద వైద్యం కోసం ప్రతిసారీ విశాఖ వెళ్ళే బాధ తగ్గింది. అయినా ఊరి నుంచి పలాస దాకా వెళ్ళాలి, రావాలి. ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు నిలుస్తుంది, ఆయాసం వస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయే తప్పొచ్చు. "ఈవేళ కారు మొరాయించింది, రేపెళ్దాం" అనుకోడానికి లేదు.

ఉన్నట్టుండి ఆగిపోయింది

మొదటిసారి జులైలో ఒక మంగళవారం. డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తున్నాం. పూండి దాటి మా ఊరి వైపు తిరిగాం. ఎవరో తాళం తీసేసినట్టు ఇంజన్ ఆగిపోయింది. వెనక సీట్లో పడుకున్న పెదనాన్న లేచి, "ఏటయిందే గుంటా?" అన్నాడు. మా వైపు ఆడపిల్లని ముద్దుగా పిలవాలంటే అదే మాట, నాకు ముప్పై దగ్గర పడుతున్నా సరే.

స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. ఒకటి గమనించాను. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నగా 'గుయ్'మని వినిపించాలి. అది పెట్రోల్ పంపు చప్పుడు. ఆ చప్పుడు లేదు.

ఇక్కడ పంపు గురించి రెండు మాటలు. ఇప్పటి పెట్రోల్ కార్లలో పంపు ట్యాంకు లోపలే, పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. కరెంటుతో తిరిగే చిన్న మోటారు అది. పెట్రోల్‌ని మూడు నాలుగు బార్ల ఒత్తిడితో ఇంజన్‌కి పంపుతుంది. మోటారు పెట్రోల్‌లో ఉంటే అంటుకోదా అని మా పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. మండాలంటే గాలి కావాలి. ట్యాంకు లోపల పెట్రోల్ ఆవిరి ఎక్కువ, గాలి తక్కువ. పైగా ఆ పెట్రోలే మోటారుని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వ్‌లోనే బండి నడిపితే పంపు త్వరగా పాడవుతుందని మెకానిక్‌లు అనేది అందుకే.

కాశీబుగ్గ నుంచి ఒక మెకానిక్ బైక్ మీద వచ్చాడు. ఫ్యూజ్ పోయిందన్నాడు, మార్చాడు, కారు కదిలింది. పాత ఫ్యూజ్ నాకిచ్చేశాడు. నేను దాన్ని గ్లవ్ బాక్స్‌లో పడేశాను. తొమ్మిది రోజుల తర్వాత, గురువారం, మళ్ళీ అదే. ఈసారి ఆయన, "పంపు అరిగిపోయినాదమ్మా, లోడు ఎక్కువ లాగుతోంది" అన్నాడు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. మోటారు బిగుసుకుంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఫ్యూజ్ పోతుంది. పంపు మార్చాం. పనితో కలిపి ఏడు వేల దాకా అయింది. అయిదు రోజులు బాగుంది. శనివారం పలాస నుంచి వస్తుంటే మూడోసారి ఆగింది.

"ముప్పై వేసీండి, మరి పోదు"

ఈ సలహా మూడోసారి ఆగినప్పుడు వచ్చింది. రోడ్డు పక్కన ఆగి సాయం చేసిన ఒక లారీ డ్రైవర్ మంచి మనసుతోనే అన్నాడు, "పదిహేను తీసీసి ముప్పైది వేసీండమ్మా, మరి పోదు" అని. చాలామంది అదే చేస్తారు. ఊళ్ళలో ఇంటి కటౌట్‌లో ఫ్యూజ్ తీగ మాటిమాటికీ కాలిపోతుంటే రెండు మూడు పోగులు కలిపి చుట్టేయడం మనందరం చూసిందే. ఆ తర్వాత ఫ్యూజ్ పోదు. బోర్డు కాలిపోతుంది.

ఫ్యూజ్ అనేది కావాలని పెట్టిన బలహీనమైన చోటు. ఆ లైనులో ఏ తీగైనా మాడిపోయేంత కరెంటు వస్తే, తీగ కంటే ముందు తను కరిగిపోవడమే దాని ఉద్యోగం. 15 ఆంపియర్లకు తట్టుకునేలా కంపెనీ వేసిన తీగకి 30 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టామనుకోండి. ఇప్పుడు ఆ లైనులో బలహీనమైన చోటు ఫ్యూజ్ కాదు, తీగే. మా కారులో ఆ తీగ వెళ్ళేది పెట్రోల్ ట్యాంకు పైనుంచి, పెదనాన్న పడుకునే సీటు కింద నుంచి. ఆ డ్రైవరన్నకి దండం పెట్టి, 15దే వేసుకుని ఇంటికొచ్చాను. ఆ సాయంత్రమే ఒక డజను నీలం ఫ్యూజులు కొని కారులో పెట్టుకున్నాను.

నల్లబడ్డ కిటికీ

అమ్మకి టెక్కలిలో ఉద్యోగం. సోమవారం దింపి, శుక్రవారం తీసుకొస్తాను. అక్కడ కార్ల కరెంటు పని మాత్రమే చేసే ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు. గ్రానైట్ లారీలు, ట్రాక్టర్లు, జేసీబీలు ఆయన షెడ్డు ముందు వరస కట్టి ఉంటాయి. మాట తక్కువ మనిషి. నేను మొత్తం చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే: "పోయిన ఫ్యూజులేవమ్మా?"

మూడూ గ్లవ్ బాక్స్‌లోనే ఉన్నాయి. తీసిచ్చాను. ఒక్కోటీ వెలుతురుకి పెట్టి చూశారు. మూడింటిలోనూ లోపలి ప్లాస్టిక్ మీద నల్లటి మసి చిమ్మినట్టు ఉంది.

ఆయన చెప్పిన దాన్ని నా మాటల్లో చెబుతాను. ఫ్యూజ్ రెండు రకాలుగా పోతుంది. ఒకటి ఓవర్‌లోడ్. కరెంటు ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ లాగుతూ ఉంటే, ఫ్యూజ్ మెల్లగా వేడెక్కి మధ్యలో కరిగి తెగుతుంది. కార్లలో వాడే ఈ బిళ్ళ ఫ్యూజులు తమ లెక్క కంటే 35 శాతం ఎక్కువ కరెంటు వెళ్ళినా వెంటనే పోనక్కర్లేదు, పది నిమిషాల దాకా కూడా పట్టొచ్చు. అంటే 15 ఆంపియర్ల ఫ్యూజ్ 20 ఆంపియర్లతో కాసేపు నెట్టుకురాగలదు. రెండోది షార్ట్. ప్లస్ తీగ నేరుగా కారు ఇనుప బాడీకి తగిలితే కరెంటుకి అడ్డే ఉండదు. 12 వోల్టుల బ్యాటరీ, దారిలో 0.1 ఓం నిరోధం అనుకుంటే 120 ఆంపియర్లు. రెప్పపాటులో ఫ్యూజ్ లోపలి లోహం పేలినట్టు ఆవిరై ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. ఆ మసి అదే.

తర్వాత మీటర్ పెట్టి పంపు ఎంత లాగుతోందో చూశారు. 5 ఆంపియర్ల చిల్లర. మామూలే. నేను ఇంట్లో ఉంచిన పాత పంపుని తర్వాత తెచ్చి చూపిస్తే అదీ దాదాపు అంతే. "పంపుకి ఏటీ అవలేదు. తీగలో ఉంది రోగం" అన్నారు.

తీగలో ఎక్కడ? ఫ్యూజ్ బాక్స్ నుంచి ట్యాంకు దాకా తీగ కారు పొడవునా వెళ్తుంది. కార్పెట్ కింద, గుమ్మం పట్టీ కింద, సీట్ల కింద. మా సముద్రపు గాలికి ఇనుముకీ రాగికీ పడదు. నౌపడ ఉప్పు మడుల వైపు నుంచి వచ్చే బళ్ళలో కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉంటాయని మేస్త్రీ చెప్పారు. ఎలుకలు తీగలు కొరకడమూ మామూలే. అంతా విప్పాలంటే రెండు రోజులు. ఆయన హైవే ఎక్కి, ఊళ్ళో గతుకుల్లో తిప్పి, రివర్స్ చేసి, బ్రేకులేసి చూశారు. ఫ్యూజ్ పోలేదు.

మా ఉద్యోగంలో దీనికో పేరుంది. కస్టమర్ దగ్గర ప్రోగ్రాం కూలిపోతుంది. డెవలపర్ దగ్గర మాత్రం బంగారంలా నడుస్తుంది. "నా మెషీన్‌లో పని చేస్తోందే" అంటాడు. అలాంటప్పుడు మేం కోడ్ చూడం, ముందు లాగ్స్ చూస్తాం. తేడా కోడ్‌లో లేకపోవచ్చు, పరిస్థితిలో ఉండొచ్చు. మేస్త్రీ దగ్గర లేనిదీ మా రోడ్డు మీద ఉన్నదీ ఏమిటి?

38 ప్రయాణాలు

రెండోసారి ఆగినప్పటి నుంచే ఫోన్ నోట్స్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. ప్రతి ప్రయాణానికీ ఒక లైను. తేదీ, టైము, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏసీ ఉందా, పెట్రోల్ ఎంతుంది, వానా ఎండా, కారులో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారు. ఆఖరిది ఎందుకు రాశానంటే, బగ్ రిపోర్టులో అనవసరం అనిపించేదే చాలాసార్లు అవసరమవుతుంది కాబట్టి.

నాలుగు వారాల్లో 38 ప్రయాణాలు. డయాలసిస్‌కి వెళ్ళినవి 12, వచ్చినవి 12, టెక్కలి, పలాస బజారు వగైరా 14. ఈ నాలుగు వారాల్లో ఫ్యూజ్ మూడుసార్లు పోయింది. మూడూ డయాలసిస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడే. రాసుకోకముందు పోయిన రెండూ అంతే. వెళ్ళేటప్పుడు ఒక్కసారీ పోలేదు. టెక్కలి దారిలో ఒక్కసారీ పోలేదు.

మా పెద్దమ్మకి ఈ లెక్క చెబితే, "ఆ బండికి రోగిష్టి మనిషిని మొయ్యడం ఇష్టం లేదే" అని దిష్టి తీసింది. ఆవిడ మాటలో సగం నిజం ఉందని తర్వాత తెలిసింది.

వచ్చేటప్పుడే ఎందుకు? నాకు రెండు తేడాలు కనిపించాయి. ఒకటి ఎండ. తెల్లారి వెళ్తాం, మధ్యాహ్నం వస్తాం. వేడికి ఏదో సాగుతుందేమో. రెండోది సీటు. వెళ్ళేటప్పుడు పెదనాన్న ముందు సీట్లో కబుర్లు చెబుతూ కూర్చుంటాడు. వచ్చేటప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు, వెనక సీట్లో ఎడమవైపు తల పెట్టుకుని పడుకుంటాడు.

ఈ రెండింటినీ విడదీయాలి. ఓపిక లేని మనిషిని ప్రయోగానికి కూర్చోబెట్టలేం కదా. అందుకని డయాలసిస్ లేని రోజుల్లో, అదే మధ్యాహ్నం వేళ, అదే రోడ్డు మీద, అంతే ఏసీతో నేనొక్కదాన్నే మూడుసార్లు వెళ్ళొచ్చాను. ఏమీ అవలేదు. ఎండ లెక్కలోంచి పోయింది.

నోట్స్‌లో ఇంకో లైను అప్పుడు కళ్ళబడింది. అయిదోసారి ఆగినప్పుడు నేను రోడ్డు మీదే ఫ్యూజ్ మార్చాను. తాళం తిప్పగానే అదీ పోయింది. పెదనాన్న, "కాసేపు గాలి పీలుస్తానే" అని దిగి కొబ్బరిచెట్టు నీడలో నిలబడ్డాడు. ఇంకోటి వేశాను. పోలేదు. "పె.నా. దిగాడు. తర్వాత ఓకే" అని రాసుకున్నాను. ఆ నాలుగు మాటల్లోనే జవాబుంది.

హెడ్‌లైట్ బల్బు

శుక్రవారం టెక్కలి వెళ్ళినప్పుడు మేస్త్రీకి నోట్స్ చూపించాను. ఆయన ఫోన్‌ని దూరంగా పట్టుకుని, లైను లైనూ వేలితో చదివారు. "రేపు కాదు, ఇప్పుడే చూసీద్దాం" అన్నారు.

ఆయన చేసిన పరీక్ష ఇంత సులువుగా ఉంటుందని నేను అనుకోలేదు. ముందు పంపు కనెక్టర్ ఊడదీశారు. అంటే ఆ లైనులో ఇక కరెంటు వాడుకునేది ఏదీ లేదు. ఫ్యూజ్ తీసి, దాని స్థానంలో రెండు తీగలతో ఒక 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టారు. పంపు రిలే తీసి, దాని 30, 87 నంబర్ల కాళ్ళ చోట్లను చిన్న తీగతో కలిపి లైనుకి ఎప్పుడూ కరెంటు ఉండేలా చేశారు. ఇప్పుడు తీగ బాడీకి తగలకపోతే బల్బు వెలగదు. తగిలితే వెలుగుతుంది. 55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లకు మించి పోనివ్వదు, కాబట్టి తీగ మాడదు. ఫ్యూజ్ అయితే ఒక్కసారే చెబుతుంది, చెప్పి చచ్చిపోతుంది. బల్బు ఎన్నిసార్లయినా చెబుతుంది.

బల్బు వెలగలేదు. మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడు కారుని అటూ ఇటూ ఊపాడు. లేదు. ముందు సీట్లో కూర్చున్నాడు. లేదు. వెనక కుడివైపు కూర్చున్నాడు. లేదు. ఎడమవైపు జరిగి ఒక్క ఎగురు ఎగిరాడు.

బల్బు భగ్గున వెలిగింది. లేచాడు, ఆరింది. కూర్చున్నాడు, వెలిగింది. షెడ్డులో ఉన్న నలుగురూ పని ఆపి చూశారు. ఆ కుర్రాడికి సరదా పుట్టి ఇంకో నాలుగుసార్లు ఎగిరాడు.

బ్యాటరీ మైనస్ తీగ విప్పి, వెనక సీటు ఎత్తారు. ట్యాంకు మూత దగ్గరికి వెళ్ళే తీగల కట్ట, బాడీకి ఉన్న క్లిప్పులో ఉండాల్సింది, బయటికి జారి ఉంది. మా చేతికి రాకముందు ఎప్పుడో ఎవరో అక్కడ విప్పి, క్లిప్పులో పెట్టకుండా సీటు బిగించేశారని మేస్త్రీ అన్నారు. ఆ కట్ట మీద పేరుకున్న మట్టి, పాతబడిన గీతలు చూపించారు. సీటు అడుగు ఇనుప చట్రం, మనిషి కూర్చున్నప్పుడల్లా ఆ తీగ మీద నొక్కుకుంటోంది. ఏళ్ళ తరబడి రుద్దుకుని తొడుగు చిరిగింది. లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి, ఒక చోట మాత్రం మెరుస్తోంది. అది ఇనుముకి తగిలే చోటు.

కారు ఎవరినైనా మోస్తుంది. వెనక ఎడమవైపు బరువు పెట్టుకుని, గతుకులో పడితేనే దానికి కష్టం. మా ఇంట్లో ఆ చోట పడుకునేది ఒక్క పెదనాన్నే. మెకానిక్‌లు ఎప్పుడూ ఒంటరిగానే నడిపి చూస్తారు. అందుకే వాళ్ళకెవరికీ కనబడలేదు.

చిలుము పట్టిన ముక్క కోసేసి, అంతే మందం ఉన్న కొత్త తీగ అతికి టంకం పెట్టారు. మీద వేడికి బిగుసుకునే స్లీవ్, దాని మీద గరుకు గొట్టం తొడిగి క్లిప్పులో కూర్చోబెట్టారు. 350 రూపాయలు తీసుకున్నారు. మళ్ళీ 15 ఆంపియర్ల నీలం బిళ్ళే వేశారు. ఏడు నెలలైంది. కొన్న డజనులో మిగిలినవి అలాగే ఉన్నాయి.

మీ బండికీ ఇలా అయితే

నేను మెకానిక్‌ని కాను. కానీ ఈ రెండు నెలల్లో నేర్చుకున్నది కారున్న ఎవరికైనా పనికొస్తుంది.

• ఒక ఫ్యూజ్ ఒకసారి పోతే మార్చండి. రెండోసారి అదే పోతే కారణం వెతకండి.
• ఎంత ఆంపియర్లది ఉందో అంతే వేయండి. ఫ్యూజ్ స్థానంలో తీగ ముక్క, సిగరెట్ పెట్టె రేకు అసలు వద్దు.
• పోయిన ఫ్యూజ్ పారేయకండి. మసి కొట్టి ఉంటే ఎక్కువగా షార్ట్. శుభ్రంగా మధ్యలో కరిగి ఉంటే ఓవర్‌లోడ్ అయ్యే అవకాశం ఎక్కువ.
• పంపు మార్చే ముందు అది ఎంత కరెంటు తీసుకుంటోందో కొలిపించండి. రెండు నిమిషాల పని.
• ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కూర్చుంటే, ఏ స్విచ్ వేస్తే పోతోందో రాసుకోండి. రివర్స్‌లోనా, బ్రేక్ వేస్తేనా, వాన పడితేనా?
• ట్యాంకు దగ్గర, సీటు కింద మీరే తీగలు గెలకకండి. పెట్రోల్ వాసన వస్తే తాళం కూడా తిప్పకండి. తెలిసిన మనిషిని పిలవండి.

ఇంకో నోట్స్

కారు బాగైన వారం పెదనాన్నకి మొత్తం కథ చెప్పాను. కుర్రాడు ఎగరడం, బల్బు వెలగడం దగ్గర బాగా నవ్వాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "కారుకైతే ఎక్కడుందో దొరికినాది. మాకెప్పుడు దొరుకుతాదో" అన్నాడు.

నా దగ్గర దానికి జవాబు లేదు. ఉద్దానం నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు. పురుగుమందులు, సిలికా, ఎండలో పని చేస్తూ నీళ్ళు తాగకపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా ఎన్నో అనుమానాలు. ఇదే కారణం అని మాత్రం ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు 700 కోట్ల రూపాయల పథకంతో మా ఊళ్ళకి తెచ్చారు. ఆసుపత్రి కట్టారు. ఇవన్నీ కావాల్సినవే. డయాలసిస్ లేకపోతే పెదనాన్న ఈరోజు లేడు. కానీ అది ఫ్యూజ్ మార్చడం లాంటిదని ఆయనకీ తెలుసు. అసలు తీగ ఎక్కడ రాసుకుంటోందో కనుక్కునే పని ఇంకా మిగిలే ఉంది. ఊరూరూ తిరిగి రక్తం, నీళ్ళు సేకరించి, ఎవరు ఎక్కడ ఏం పని చేస్తారో అడిగి రాసుకునే పరిశోధకులు మా వీధికి వస్తే, "మళ్ళీ వచ్చినారేటి, వీళ్ళ వల్ల ఏటవుద్ది" అని విసుక్కునేవాళ్ళున్నారు. మా ఇంట్లో ఇప్పుడు ఆ మాట అనం. వాళ్ళడిగే అనవసరపు ప్రశ్నల్లో ఏది అవసరమవుతుందో ముందే ఎవరికి తెలుసు?

మా చేతిలో ఉన్నంత వరకు మేమూ రాస్తున్నాం. అదే ఫోన్‌లో ఇంకో నోట్స్ తెరిచాను. డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, కాళ్ళ కండరాలు పట్టేశాయా లేదా. ఆరు వారాలకి ఒకటి కనిపించింది. కండరాలు పట్టేసేది ఎక్కువగా మంగళవారాలే. శనివారం తర్వాత మంగళవారం దాకా మధ్యలో రెండు రోజుల ఖాళీ. ఆ ఖాళీలోనే ఆదివారం. ఆదివారం మా ఇంట్లో ఎండుచేపల కూర. ఉప్పుకి దాహం, దాహానికి నీళ్ళు, నీళ్ళకి బరువు. అంత నీటినీ నాలుగు గంటల్లో తీసేయాల్సి వస్తే బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. డయాలసిస్ దగ్గర సిస్టర్ ఆ నోట్స్ చూసి, ఇదే మాట వివరంగా పెద్దమ్మకి చెప్పారు.

ఎండుచేపలు ఆగాయి. పెదనాన్న రెండు ఆదివారాలు అలిగాడు. మూడో మంగళవారం నుంచి కాళ్ళు పట్టేయడం తగ్గింది. ఇప్పుడు వచ్చేటప్పుడు కూడా ఒక్కోసారి ముందు సీట్లోనే కూర్చుంటానంటున్నాడు. బెల్టు పెట్టుకోమని గొడవ పడటమే నాకు మిగిలిన పని.